మధ్యాహ్నం బండి రాని రోజు

ఆ రోజుల్లో ఆదోనిలో గడియారం ఉన్న ఇళ్లు తక్కువ, గడియారం అవసరమున్న ఇళ్లు అంతకన్నా తక్కువ. నేను చెప్పేది డెబ్బైల చివరి మాట. పొగబండ్లు ఇంకా బుసలు కొడుతూ, ఆరేసిన బట్టల మీద ఇంత నల్లటి నలుసు చల్లుతూ తిరుగుతున్న కాలం. రైలుకట్ట పక్కనున్న పేటల్లో ఎవరినైనా టైమెంతని అడిగితే అంకెలు చెప్పేవారు కాదు. "తెల్లారి బండి పోయింది, మెయిలు ఇంగా రాలే" అనేవారు. అడిగినవాడికి అది చాలు. పాలవాడు తెల్లారి బండికి వచ్చేవాడు, పత్తి మార్కెట్టుకు పోయే హమాలీలు దాని తర్వాత వచ్చే ప్యాసింజరుకు తలగుడ్డ చుట్టుకునేవారు, ముసలివాళ్లు సాయంత్రం గూడ్సుకు మందు వేసుకునేవారు. ఇప్పుడు చేతికి, గోడకి, సెల్లుకి, చివరికి వంటింట్లో పొయ్యికి కూడా గడియారమే. అయినా ఎక్కడికి బయల్దేరినా ఆలస్యమే, ఆలస్యమైనందుకు కంగారే. ఆ రోజుల్లో ఆలస్యం మనుషులది కాదు, బండిది. అంత నిశ్చింతగా బతికిన మనుషుల్ని నేను మళ్లీ చూడలేదు.

నేను పుట్టి పెరిగింది ఎమ్మిగనూరులో. మా ఊరికి రైలు లేదు. మగ్గాల చప్పుడు తప్ప మరో చప్పుడు ఎరగని వీధి మాది. రైలంటే మాకు బస్సెక్కి ఆదోని దాకా వచ్చి చూసిపోయే వింత. మా నాయన దేవళంలో పూజ చేసేవాడు. నేను టీచరు ట్రైనింగు ముగించాక, ఆదోనిలో రైలుకట్టను ఆనుకుని ఉన్న ఒక బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే పని దొరికింది. దొరికింది అనడం కూడా కొంచెం ఎక్కువే, అది టెంపరరీ పోస్టు. ఇన్‌స్పెక్టరు వచ్చి, నా పాఠం విని, సరేనంటే పర్మనెంటు. పెదవి విరిస్తే మూటాముల్లే సర్దుకుని మళ్లీ ఎమ్మిగనూరు బస్సు. అప్పటికే మా వీధిలో ఒక అమ్మాయితో నా పెళ్లి మాటలు నడుస్తున్నాయి. నడుస్తున్నాయి అని మేం అనుకుంటున్నాం గానీ అమ్మాయి నాయన మాత్రం ఉన్నచోటే నిలబడి ఉన్నాడు. "పిల్లోడు బుద్ధిమంతుడే సామీ, కాదనను. ఉద్యోగం గట్టిపడనీ, అప్పుడు మాట్లాడుకుందాం" అని మా నాయనకు మర్యాదగా చెప్పి పంపాడు. ఆ విధంగా నా ఉద్యోగం, నా పెళ్లి, మా నాయన మాట, మూడూ కలిసి ముక్కూ మొహం తెలియని ఒక ఇన్‌స్పెక్టరు నోటి చివర వేలాడుతున్నాయి. (మా ఆవిడ ఇది చదివితే "మా నాయన అంత కఠినమైన మనిషి కాదులే" అంటుంది. కఠినమైన మనిషి కాదు, నిజమే. జాగ్రత్తపరుడు. కూతురున్న ఏ తండ్రయినా అంతే.)

మా హెడ్మాస్టరుగారిని ఊళ్లో అందరూ పెద్దయ్యవారు అనేవారు. పొట్టిగా, గుండ్రంగా, ఎండలో ఉన్నా నీడలో ఉన్నా చంకలో గొడుగుతో ఉండేవారు. బడిలో ఒక గోడగడియారం ఉండేది, అది నేను రాకముందే ఎప్పుడో ఆగిపోయింది. బాగు చేయిద్దాం సార్ అంటే ఆయన నన్ను వింతగా చూశారు. "బండ్లు రోజూ మన కండ్ల ముందరే పోతాండాయి కదప్పా, ఇంగ గడియారంతో పనేముంది?" అన్నారు. గంట అంటే మాకు ఒక రైలు పట్టా ముక్క. వేపచెట్టు కొమ్మకు గొలుసుతో వేలాడుతూ ఉండేది. దాన్ని ఇనుప కడ్డీతో కొట్టే అటెండరును అందరూ గంట తాత అనేవారు. పొద్దున ప్యాసింజరు కూత వినపడితే తాత మొదటి గంట కొట్టేవాడు. మధ్యాహ్నం బండి పోతే అన్నం గంట. సాయంత్రం గూడ్సు పోతే ఇంటి గంట. మధ్యలో పీరియడ్లన్నీ తాత దయ. చేరిన కొత్తలో నేను తెలివి చూపించబోయి "బండి లేటయితే ఎట్లా సార్?" అని అడిగాను. పెద్దయ్యవారు ఏమాత్రం తొణకలేదు. "బండి లేటయితే ఊరంతా లేటే గదప్పా. అందరూ లేటయినాక ఇంగ లేటనేది యాడుంది?" ఆ రోజుతో నేను కూడా గోడగడియారం వైపు చూడటం మానేశాను.

ఇంకొక్క సంగతి చెప్పాలి, అది తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. బడి రైలుకట్టకు ఇవతల, పిల్లల ఇళ్లన్నీ అవతల. బడికి రావాలన్నా పోవాలన్నా పట్టాలు దాటాల్సిందే. అందుకని ఆ పేటలోని తల్లులందరూ ఎవరో మంత్రం ఉపదేశించినట్టు ఒకే మాట పిల్లల చెవిలో పోసి పెంచేవారు. "మద్దేనం బండి పొయ్యేదాంకా పట్టాలు దాటితివో, కాళ్లు ఇరగ్గొడతా" అని. బండి పోయిన చప్పుడు విన్నాకే వాళ్లు పొయ్యి మీద పెనం పెట్టేవారు. పిల్లలు కట్ట ఎక్కి దిగి ఇల్లు చేరేసరికి కంచంలో వేడివేడి జొన్నరొట్టె ఉండేది. బండికి ముందే ఇంటికి పోయినవాడికి రొట్టె లేదు, పైగా వీపు మీద దెబ్బలు. ఈ ఏర్పాటు నేను రోజూ కళ్లారా చూస్తున్నదే. రోజూ చూస్తున్నది గనకే నా బుర్రలో దానికి చోటు లేకపోయింది.

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పాల్సిన పాఠం కూడా కుదిరినట్టే కుదిరింది. ఆవిరి యంత్రం, దాని వల్ల మానవ జీవితంలో వచ్చిన మార్పులు. పొద్దస్తమానం ఆవిరి బండి బడి కిటికీలు అదరగొట్టి పోయే ఊళ్లో ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? అన్నం గంటకు ముందు పీరియడ్ నాది. అది చూసుకుని నేనొక పథకం వేశాను. స్టేషను టీ కొట్టు ఆయన్ని బతిమాలి ఒక కెటిల్ తెచ్చుకున్నాను. కట్ట పక్కన పడి ఉన్న రైలు బొగ్గు ఏరుకుని కుంపటి సిద్ధం చేసుకున్నాను. క్లాసులో నీళ్లు మరగాలి, కెటిల్ మూత గంతులెయ్యాలి, పిల్లలు ఆశ్చర్యపోవాలి. ఆ తర్వాత నేను గొంతు పెంచుకుంటూ పోయి, చివరకు కిటికీ వైపు చెయ్యి చాపి, "ఈ మూతను ఎగరేసిన ఆవిరే అదిగో, ఆ బండిని లాగుతోంది!" అనాలి. అనగానే మధ్యాహ్నం బండి కూత వేసుకుంటూ కిటికీలోంచి పోవాలి. ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడాలి. అద్దె గదిలో గోడకు ఎదురుగా నిలబడి, రోజూ బండి వచ్చే వేళకు ఈ వాక్యం సరిగ్గా పూర్తయ్యేలా సాధన చేశాను. (గది పక్కవాటాలో ఉండే ముసలమ్మ "అయ్యవారికి ఏదో గాలి సోకినాది, కిటికీకి చెయ్యి సూపిస్తాండాడు" అని వీధంతా చెప్పిందని తర్వాత తెలిసింది.)

ఇన్‌స్పెక్టరు కోస్తా మనిషి. పొడుగ్గా, మల్లెపువ్వులాంటి తెల్లచొక్కాతో వచ్చాడు. ఎడమచేతికి గడియారం. ఆ చొక్కా మీద మొదటి నలుసు వాలినప్పుడే ఆయన మా ఊరిని ఇష్టపడటం లేదని నాకు తెలిసిపోయింది. రెండో నలుసును దులపబోయి నల్లటి గీత చేసుకున్నాడు. ఆ ముఖంతోనే వచ్చి నా క్లాసులో వెనక కుర్చీలో కూర్చుని, "కానివ్వండి మాస్టారూ" అన్నాడు. పక్కన గొడుగుతో పెద్దయ్యవారు.

పాఠం నేను అనుకున్నదానికన్నా బాగా సాగింది. కుంపటి రాజుకుంది. కెటిల్ మూత చెప్పినమాట విన్నట్టు గంతులేసింది. పిల్లలు నోళ్లు తెరిచారు. పూర్వం ఎద్దులబండి మీద రోజుల తరబడి పోయే దూరం రైలు ఎలా దగ్గర చేసిందో, ఆదోని పత్తి బేళ్లు రేవుల దాకా ఎలా పోతున్నాయో, కరువొస్తే తిండిగింజలు ఎలా తరలి వస్తాయో అన్నీ చెప్పాను. గొంతు పెంచుకుంటూ వెళ్లాను. తల వెనక్కి ఎత్తి, కిటికీ వైపు చెయ్యి చాపి, "ఈ మూతను ఎగరేసిన ఆవిరే అదిగో, ఆ బండిని లాగుతోంది!" అన్నాను.

క్లాసంతా కిటికీ వైపు తిరిగింది. ఇన్‌స్పెక్టరు కూడా తిరిగాడు. పట్టాల మీద ఒక మేక నిలబడి ఉంది. అది మమ్మల్ని తీరిగ్గా చూసి, రెండు పట్టాల మధ్య మొలిచిన గడ్డి కొరుక్కుంది.

చాపిన చెయ్యి దించాలో వద్దో తెలియని పరిస్థితి మీకెప్పుడైనా వచ్చిందో లేదో. నేను దాన్ని నెమ్మదిగా మడిచి తల గోక్కున్నాను. పాఠం అయిపోయింది. గంట కాలేదు. బండి రాలేదు. నేను మళ్లీ మొదటికి వెళ్లి, ఎద్దులబండి గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాను. పత్తి బేళ్లను ఇంకోసారి రేవు దాకా పంపాను. కెటిల్లో నీళ్లు ఇగిరిపోయాయి, మూత ఊరుకుంది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. కాసేపాగి మళ్లీ చూసుకున్నాడు. ఆయన కడుపులోంచి వచ్చిన మూలుగు ముందు బెంచీ దాకా వినపడింది. చివరికి పెద్దయ్యవారి వైపు వంగి, "ఏమండీ, భోజనం బెల్లు ఇంకా కొట్టలేదా?" అన్నాడు.

"బండి రాలేదు గదా సార్" అన్నారు పెద్దయ్యవారు.

"బండికీ బెల్లుకీ ఏమిటండీ సంబంధం?"

పెద్దయ్యవారు ఆయన్ని జాలిగా చూశారు. చదువుకున్న మనిషి ఇలా అడుగుతాడని ఆయన ఊహించి ఉండరు. అయినా పైఅధికారి గనక లేచి వాకిట్లోకి పోయి, గంట కొట్టమని తాతకు చెప్పారు. "బండి రాకుండా యెట్ల కొట్టేది సామీ? ఊళ్లో వింటే నవ్వుతారు" అని తాత అంటున్నది మాకు వినపడుతూనే ఉంది. కాసేపు ఇద్దరికీ వాదన జరిగింది. ఆఖరికి తాత, ఎవరి మీదో కోపం పట్టా మీద తీర్చుకుంటున్నట్టు, అన్నం గంట కొట్టాడు.

ఇన్‌స్పెక్టరుకు బడుల అనుభవం చాలా ఉంది. అన్నం గంట కొడితే ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. కుర్చీ గోడకేసి జరుపుకుని, కాళ్లు పైకి తీసుకుని, తొక్కిసలాటకు సిద్ధపడ్డాడు. ఏమీ జరగలేదు. ఒక్క పిల్లవాడు కదల్లేదు. పలకలు ఒళ్లో, కళ్లు నా మీద, అందరూ ఎక్కడివాళ్లు అక్కడే కూర్చుని ఉన్నారు. ఇన్‌స్పెక్టరు కాళ్లు కిందికి దించాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని చూశాడు. ఇంకా కూర్చునే ఉన్నారు.

"మాస్టారూ" అన్నాడు. గొంతు మారిపోయింది. "ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటిది నేను చూడలేదండీ. అన్నం బెల్లు కొట్టినా పిల్లలు పాఠం వదిలి కదలటం లేదు! కానివ్వండి, మీరు చెప్పండి. నేనూ వింటాను."

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు కట్టా గుర్తు రాలేదు, తల్లులూ గుర్తు రాలేదు, జొన్నరొట్టె అంతకన్నా గుర్తు రాలేదు. నా పాఠానికే పిల్లలు కట్టుబడిపోయారని నేను మనసారా నమ్మాను. ఒళ్లంతా పులకరించింది. మా వీధి అమ్మాయి, వాళ్ల నాయన, పెళ్లి పందిరి అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఎమ్మిగనూరు నేలలోనే ఏదో మహిమ ఉంది, లేకపోతే ఇంత చిన్నవయసులో ఇంతటి గురువు ఎట్లా పుడతాడు అని కూడా అనుకున్నాను. పెద్దయ్యవారికి అసలు సంగతి తెలుసు. ఆయన గొడుగు మీద గడ్డం ఆన్చుకుని, ఏమీ తెలియని పసిపాపలా నవ్వుతూ కూర్చున్నారు.

పులకరింతతో పాఠం సాగదు గదా. చెప్పాల్సిందంతా అప్పటికే రెండుసార్లు అయిపోయింది. దిక్కుతోచక, "రైలు వచ్చినాక మనుషుల బతుకు ఎట్లా మారిందో మీరు చెప్పండ్రా" అన్నాను. పుస్తకంలో ఉన్న జవాబు అప్పగిస్తారనుకున్నాను. ముందు బెంచీలో రెండు జడల పిల్ల లేచి, "మా యింట్ల ఎవురికీ తెల్ల గుడ్డలు కొనరు సార్. మా యమ్మ ఆరేసేటప్పుడు తెల్లగుంటాయి, తీసేటప్పుడు బూడిద రంగుంటాయి" అంది. ఇన్‌స్పెక్టరు తన చొక్కా చూసుకున్నాడు. ఇంకొకడు లేచాడు. "మా బావ ఇంజన్లో బొగ్గేస్తాడు సార్. డూటీ దిగి ఇంటికొస్తే మా కుక్క మొరుగుతాది. నీళ్లు పోసుకున్నాకనే మా బావని తెలుస్తాది దానికి." క్లాసంతా గొల్లుమంది. దాంతో అందరికీ ధైర్యం వచ్చి చేతులు పైకి లేచాయి. కట్ట పక్కన కాలిన బొగ్గు ఏరి పొయ్యిలోకి తెచ్చే జేజి (మా వైపు నాయనమ్మను అట్లా అంటాం) ఒకరికి ఉంది. పోయే రైలుకు రోజూ చెయ్యి ఊపే చెల్లెలు ఒకడికి ఉంది, దానికి ఒక డ్రైవరు రోజూ ప్రత్యేకంగా చిన్న కూత వేస్తాడట. "మా యవ్వ చిన్నపిల్లప్పుడు కరువొచ్చిందంట సార్. ఆలూరు తట్టు నుంచి నడిసొచ్చి ఈ టేషను కాడనే పడుకున్యారంట. బండ్లో జొన్నలు వచ్చినంక అన్నం తిన్యారంట. అందుకే మా యవ్వ ఇప్పుడు గూడ బండి పోతే దండం పెడ్తాది" అని వెనక బెంచీ నుంచి ఒక సన్నటి పిల్లాడు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నేను చెప్పిన కరువు పాఠం పిల్లల చెవికి ఎక్కిందో లేదో గానీ వాడు చెప్పింది నాకు ఎక్కింది.

"మీ ఇంట్ల ఎట్ల సార్?" అంది రెండు జడల పిల్ల. మా ఊళ్లో రైలే లేదని ఒప్పుకోవడం నాకు కొంచెం నామోషీ అనిపించింది. అందుకని మా జేజి రైలెక్కిన కథ చెప్పాను. ఆమె మహా మడి మనిషి. తీర్థయాత్ర పోదాం, ఆదోనిలో బండెక్కాలి అంటే ససేమిరా అంది. "ఎవురెవురో కూసున్న పలకల మీద నేను కూసోను. ఆ ఇంజను యాడ నీళ్లు తాగుతాదో, ఏం తింటాదో! స్నానమా, సంధ్యా!" అని పట్టుబట్టింది. మా నాయన ఆమెను ప్లాట్‌ఫారం మీద ఇంజను ముందర నిలబెట్టి, "బాగా చూడమ్మా. లోపల అగ్ని ఉంది. నీళ్లున్నాయి. పైన పొగుంది. హోమానికి ఏం తక్కువ?" అన్నాడు. జేజి చాలాసేపు ఆలోచించింది. ఇంజనుకు ప్రదక్షిణం చేస్తానంది. గార్డు ఒప్పుకోలేదు. ఉన్నచోటే నిలబడి తన చుట్టూ తాను తిరిగి, దండం పెట్టుకుని ఎక్కింది. దిగేటప్పటికి ఆమె మడిచీర మీద నలుసులు పడి ఉంటే దులపనివ్వలేదు. విభూతి అంది.

పిల్లలు పడి పడి నవ్వారు. ఇన్‌స్పెక్టరు ఆకలి మరిచిపోయి బెంచీ మీద చెయ్యి కొడుతూ నవ్వాడు. "భేష్ మాస్టారూ! మీలాంటివాణ్ణి టెంపరరీలో పెట్టడమేమిటండీ, నేను వెళ్లగానే..." అని ఏదో అనబోయాడు.

సరిగ్గా అప్పుడు దూరంగా కూత వినపడింది.

క్లాసులో ఉన్న వీపులన్నీ ఒక్కసారి నిటారుగా అయ్యాయి. పలకలు చంకల్లోకి ఎక్కాయి. బండి కిటికీలు అదరగొడుతూ, పెంకుల మీది దుమ్ము మా నెత్తిన పోస్తూ, పొగ క్లాసులోకి తోస్తూ పోయింది. ఆ చప్పుడులో నా నోరు ఆడుతోంది గానీ మాట నాకే వినపడటం లేదు. ఆఖరి పెట్టె దాటిందో లేదో, "పాయ!" అని ఎవడో అరిచాడు. అంతే. తలుపులోంచి కొందరు, కిటికీలోంచి కొందరు. గంట తాత ఇనుప కడ్డీ ఎత్తే లోపలే పిల్లలు కట్ట మీద ఉన్నారు. కట్టకు అవతల ఇంటింటి నుంచీ పొగ లేవడం మొదలైంది. పొగ తగ్గాక చూసుకుంటే క్లాసులో నేను, ఇన్‌స్పెక్టరు, పెద్దయ్యవారు. నా చేతిలో చాక్‌పీసు. వాక్యం సగంలో ఉంది.

మూలన ఒక్క పిల్లవాడు మాత్రం కదలకుండా బెంచీ మీద తల ఆన్చి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆశగా వాడి దగ్గరకు నడిచి, "చూశారా, ఒక్కడైనా..." అంటూ వంగి చూశాడు. వాడు నిద్రపోతున్నాడు. పెదవి చివర సన్నగా చొంగ కారుతోంది.

అప్పుడు నాకు కట్ట గుర్తొచ్చింది. తల్లులు గుర్తొచ్చారు. గురువుగా నా జీవితం ఎంత చిన్నదో కూడా అర్థమైంది. దాచడానికి ఏమీ మిగల్లేదు గనక, ఇదీ సంగతి సార్, బండి పోకుండా పిల్లలు పట్టాలు దాటరు, దాటినా ఇంట్లో రొట్టె ఉండదు, అందుకే కూర్చున్నారు, నా పాఠానికి కాదు అని చెప్పేశాను. ఎమ్మిగనూరు బస్సు, దాని కిటికీ పక్క సీటు, బస్టాండులో దిగి మా నాయన ముఖం ఎట్లా చూడాలో అన్నీ కనపడ్డాయి. పెద్దయ్యవారు అడ్డుపడి, "పిల్లోడు మంచోడు సార్" అన్నారు. ఆయన అంతకు మించి ఏమీ చేయలేరని నాకూ తెలుసు.

ఇన్‌స్పెక్టరు ఖాళీ బెంచీలు చూశాడు, చల్లారిన కుంపటి చూశాడు, కట్ట అవతల పొగలు చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. నవ్వు. ముందు చప్పుడు లేకుండా, తర్వాత చప్పుడుతో, కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక ముఖం తుడుచుకుంటే బుగ్గ మీద బొగ్గు గీత పడింది.

"మాస్టారూ, పిల్లలు మీ కోసం కూర్చున్నారా, బండి కోసం కూర్చున్నారా అని నేను రాసుకోవలసిన పని లేదండీ. నేనూ చిన్నప్పుడు మా అమ్మ తంతుందని బడికి వెళ్లినవాణ్ణే. పిల్లలెప్పుడూ మన కోసం కూర్చోరు. కూర్చున్నంతసేపూ చెప్పటం మన పని. మీ దగ్గర సరుకు అయిపోయిందని నాకు ఎప్పుడో తెలిసిపోయింది, మీరు మాత్రం ఆపలేదు. అది చాలు నాకు. పోస్టు మీదే" అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "వాడికి నిద్రాభంగం కాకుండా కూడా చెప్పారు, అదీ చిన్న విషయం కాదు" అన్నాడు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అని సర్దుకున్నాను.

ఆ తర్వాత ఆయన పెద్దయ్యవారి ఇంటికి భోజనానికి పోతే, అక్కడ ఎసరు అప్పుడే కాగుతోంది. ఆ ఇల్లాలు కూడా బండి కూత వినే బియ్యం పోసే మనిషి. అన్నం గంటను తన గడియారం ప్రకారం కొట్టించుకున్న ఆ పెద్దమనిషి, అన్నం ఉడికేదాకా అరుగు మీద కూర్చుని ఊరి పద్ధతి బాగా అర్థం చేసుకున్నాడు. పిల్లలు మూతులు తుడుచుకుంటూ తిరిగొచ్చి బండి ఎందుకు లేటయిందో చెప్పారు. గేటు దగ్గర పత్తి బేళ్ల బండి ఒకటి పట్టాల మధ్య ఇరుక్కుని, ఎద్దులు మొండికేసి, బేళ్లన్నీ దించి మళ్లీ ఎక్కించేదాకా రైలు ఆవిరి వదులుతూ నిలబడి చూసిందట. ఎద్దులబండి మీద నేను ఆ పూట రెండోసారి కూడా పాఠం చెప్పడం ఊరికే పోలేదన్నమాట.

ఆ ఏడే మా పెళ్లయింది. ఎనభైల్లో పొగబండ్లు ఒక్కొక్కటే తగ్గిపోయి డీజిలు బండ్లొచ్చాయి. ఆరేసిన బట్టలు తెల్లగానే ఉండసాగాయి. బండ్లు పెరిగాయి, ఏది ఎప్పుడు పోతుందో ఎవరూ పట్టించుకోవడం మానేశారు, పేటలో ఇంటింటికీ గడియారాలు వచ్చాయి. బడికి కరెంటు గంట పెట్టారు. అది మోగిందంటే నా వాక్యంలో క్రియ రాకముందే క్లాసు ఖాళీ. నేను రిటైరయ్యేదాకా అదే బడిలో, అదే కిటికీ పక్కన పాఠాలు చెప్పాను. బాగానే చెప్పానని అందరూ అంటారు. అయినా గంట కొట్టాక కూడా పిల్లలు నన్నే చూస్తూ కదలకుండా కూర్చున్నది నా ఉద్యోగం మొత్తం మీద ఆ ఒక్క మధ్యాహ్నమే. అది నా గొప్ప కాదని తెలిసి కూడా, దాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మొన్న మనవరాలిని చూడటానికి బయల్దేరి ఆదోని స్టేషనులో కూర్చున్నాం. బండి చాలా ఆలస్యంగా నడుస్తోందని మైకులో చెప్పారు. ప్లాట్‌ఫారమంతా ఉసూరుమంది. అందరూ సెల్లులు చూసుకుని విసుక్కుంటున్నారు. నేను మాత్రం చుట్టూ చూశాను. బెంచీల మీద వరసగా ఇంతమంది. బండి వచ్చేదాకా ఎక్కడికీ పోలేనివాళ్లు. నాకు తెలియకుండానే లేచి నిలబడి చాక్‌పీసు కోసం జేబు తడుముకుంటున్నాను. మా ఆవిడ పంచె చెంగు పట్టుకుని లాగి, "కూర్చోండి, ఇక్కడ ఎవరూ పరీక్ష రాయబోవడం లేదు" అంది.